జాంబియా వాగుల గురించి కేంద్ర గనుల మంత్రి కిషన్ రెడ్డి గారికి బహిరంగ లేఖ

కేంద్ర బొగ్గు, గనుల శాఖ మంత్రి శ్రీ జి. కిషన్ రెడ్డి గారికి,

నమస్కారం.

మాది నల్లగొండ జిల్లా. బత్తాయి తోట మీద బతికిన ఇల్లు. వానలు మొదలవగానే మా నాన్న చెట్ల తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం కలిపేవాడు. ఒక డ్రమ్ములో మైలుతుత్తం, అంటే నీలంగా ఉండే రాగి ఉప్పు కలిపిన నీళ్లు, ఇంకో డ్రమ్ములో సున్నపు నీళ్లు. రెండూ కలిపాక, పిచికారీ పంపు ఎత్తుకునే ముందు ఇనుప కత్తి ఒకటి అందులో ముంచి, కాసేపాగి తీసి ఎండకు తిప్పి చూసేవాడు. కత్తికి ఎర్రగా రాగి పూత పట్టిందా, ఇంకో దోసెడు సున్నం పడేది. "ఇట్లనే కొడితే ఆకు మాడిపోతది" అనేవాడు. కత్తి శుభ్రంగా బయటికొచ్చేదాకా ఆ మందు చెట్టు దగ్గరికి పోయేది కాదు.

2006 నవంబరు 6న ఆఫ్రికా దేశమైన జాంబియాలోని చింగోలా దగ్గర, కొంకోలా రాగి గనుల కంపెనీ ప్లాంటులో వ్యర్థాలు మోసే పైపు పగిలింది. ఆమ్లం, రాగి, కోబాల్ట్, మాంగనీస్ కలిసిన నీళ్లు కఫూయే నదిలోకి పోయాయి. నది నీలంగా మారిందని చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మా మైలుతుత్తం డ్రమ్మే. ఆకు మీద కొట్టడానికే అన్ని జాగ్రత్తలు తీసుకునే సరుకు, మనుషులు బిందెలు ముంచుకునే నీళ్లలో కలిసింది.

ఈ సంగతి మీకెందుకు రాస్తున్నానంటే, రాగి, కోబాల్ట్ వెతకడానికి జాంబియా ప్రభుత్వం మన దేశానికి 9,000 చదరపు కిలోమీటర్ల నేల కేటాయించింది. పాత కృష్ణా జిల్లా కన్నా కాస్త పెద్దది. వెతికేది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, అంటే నేరుగా మీ శాఖ. ఆ సంస్థ వాళ్లకు శిక్షణ ఇచ్చేది మన హైదరాబాద్ బండ్లగూడలోనే. 2025 జనవరిలో కేంద్ర కేబినెట్ ఆమోదించిన కీలక ఖనిజాల మిషన్‌కు 16,300 కోట్ల రూపాయలు పెట్టారు. బ్యాటరీలకు కోబాల్ట్ కావాలి, తీగలకు రాగి కావాలి, కాదనను. నా దిగులంతా అక్కడి వాగుల గురించి.

చింగోలా కథలో మనకూ వాటా ఉంది. ఆ కంపెనీలో 2004లో మెజారిటీ వాటా కొన్నది వేదాంత. మన దేశపు వ్యాపారి పెట్టిన సంస్థ, అప్పట్లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉండేది. పైపు పగిలాక దాదాపు 2,000 మంది లుసాకా హైకోర్టుకు వెళ్లారు. 2011లో పరిహారం ఇవ్వమని తీర్పొచ్చింది. 2015లో అక్కడి సుప్రీంకోర్టు కంపెనీ తప్పు నిజమేనంది గానీ, పరిహారం మాత్రం 12 మందికే అంది. వైద్య నివేదికలు చూపించగలిగింది ఆ 12 మందే. డాక్టరు దగ్గరికి వెళ్లే స్తోమతు లేనివాళ్లకు డాక్టరు కాగితం ఎక్కడిది? మన ఊళ్లలో పింఛను కోసం సర్టిఫికెట్ల చుట్టూ తిరిగిన ఏ ముసలవ్వను అడిగినా ఆ తీర్పు ఎంత బరువో చెబుతుంది.

ఇక గని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు 1,826 మంది కలిసి లండన్‌లో దావా వేశారు. తాగడానికీ, పశువులకూ, పొలానికీ ఆ వాగులే ఆధారమైన పేద రైతులు వాళ్లు. ఇక్కడ వినకండి, జాంబియాకే పంపండి అని వేదాంత మూడు కోర్టుల్లో వాదించింది. 2019 ఏప్రిల్ 10న బ్రిటన్ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మామూలుగా అయితే జాంబియానే సరైన చోటు, కానీ ఇంత పెద్ద కేసు నడపడానికి వాళ్లకు అక్కడ డబ్బూ లేదు, అంత అనుభవమున్న వకీళ్లూ దొరకరు, కాబట్టి ఇక్కడే వింటాం అంది. ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. గ్రూపులోని గనులన్నిటికీ పర్యావరణ ప్రమాణాలు పెట్టేది, అవి అమలయ్యేలా చూసేది తామేనని వేదాంత తన ప్రచురణల్లో గొప్పగా రాసుకుంది. అలాగైతే మాతృసంస్థకూ బాధ్యత ఉందని వాదించే హక్కు వీళ్లకుందని కోర్టు ఆ రాతలనే ఎత్తి చూపింది. అసలు విచారణ దాకా రాకుండానే 2021లో 2,500 మందికి పైగా ఫిర్యాదుదారులతో రాజీ కుదిరింది, తప్పు ఒప్పుకోకుండా.

ఇదంతా చదువుతుంటే నాకు భోపాల్ గుర్తొచ్చింది. 1986లో న్యూయార్క్ కోర్టు మన బాధితులను వెనక్కి పంపేసింది, మీ దేశంలోనే చూసుకోండని. గడప దగ్గరే తిప్పి పంపడం ఎలా ఉంటుందో మనకు తెలుసు. రేపు జాంబియా రైతు మన గడపకొస్తే మనమేం చెబుతాం?

మన చట్టం ఏం చెబుతుందో చూశాను. కంపెనీల సామాజిక బాధ్యత నిబంధనలకు 2021లో చేసిన సవరణ ప్రకారం, దేశం బయట చేసిన పని సామాజిక బాధ్యత కిందికి రాదు. ఒక్క మినహాయింపు ఉంది: మన క్రీడాకారులకు ఇప్పించే శిక్షణ! పతకాల కోసం సరిహద్దు దాటగలిగిన బాధ్యత, మనం తవ్విన గుంత కోసం దాటలేదన్నమాట. వ్యాపార ప్రవర్తన మీద 2019లో కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాలున్నాయి, అవి స్వచ్ఛందం. పాటిస్తే పాటించొచ్చు.

మాది ప్రభుత్వ సంస్థ, ప్రైవేటు కంపెనీలా చేయదు అని మీ అధికారులు అనొచ్చు. 2025 ఫిబ్రవరి 18న అదే కఫూయే పరివాహకంలో, చంబిషి దగ్గర ఒక వ్యర్థాల కట్ట తెగింది. అది చైనా ప్రభుత్వ రంగ సంస్థకు చెందిన గని. దాదాపు 5 కోట్ల లీటర్ల ఆమ్లపు నీళ్లు వాగులో పడి నదికి చేరాయి. 100 కిలోమీటర్ల దిగువన కూడా చచ్చిన చేపలు తేలాయి. 7 లక్షల జనం ఉన్న కిట్వే నగరానికి కుళాయి నీళ్లు ఆపేశారు. విరుగుడుగా జాంబియా వైమానిక దళం విమానాల్లోంచి నదిలోకి వందల టన్నుల సున్నం చల్లింది. మా నాన్న దోసెడు సున్నంతో చేసే పనే, నది అంత డ్రమ్ములో, ఆకు మాడిపోయిన తర్వాత.

ఇది అన్వేషణ మాత్రమే, తవ్వకం కాదు అనీ అనొచ్చు. నల్లమలలో యురేనియం వెతుకుతామన్నప్పుడూ ఆ మాటే విన్నాం. 2019 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది. బోరు దిగిన చోటికి రేపు గని వస్తుందని చెంచులకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయింది. జాంబియా పల్లెలకూ అక్కర్లేదు.

మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. మొదటి బోరు దింపకముందే ఆ 9,000 చదరపు కిలోమీటర్లలోని వాగులు, బావుల నీళ్లు పరీక్ష చేయించి, ఫలితాలు అక్కడి భాషలో ఊరి బడి గోడ మీద అంటించండి. రేపు నీళ్లు చెడితే, అవి ముందునుంచీ అంతే అనే మాట ఎవరూ అనకుండా ఉంటుంది. జాంబియాతో చేసుకున్న ఒప్పందం పూర్తి పాఠం బయట పెట్టండి. తవ్వకం హక్కు మన సంస్థకు గానీ, మన కంపెనీకి గానీ వచ్చిన రోజున, ఆ ఒప్పందంలో ఒక వాక్యం చేర్చండి: నష్టపోయినవాళ్లు భారతదేశంలో దావా వేస్తే, ఇది సరైన కోర్టు కాదని మేం వాదించం. చింగోలా రైతులు మూడు కోర్టులు ఎక్కి సాధించుకున్నది ఈ ఒక్క వాక్యమే. మీరు సంతకంతో ఇవ్వగలరు.

ఈ లేఖ ప్రతి ఒకటి ఢిల్లీలోని మీ కార్యాలయానికి, ఇంకోటి సికింద్రాబాద్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. నీటి పరీక్షల సంగతైనా ఒక ముక్క జవాబు రాయించగలరు.

ఇట్లు,
నల్లగొండ జిల్లా బత్తాయి రైతు కొడుకు