గ్రంథాలయ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. ముందుగా కృతజ్ఞతలు. వానలు రాకముందే పగిలిన పెంకులు మార్పించిన మన ఉపాధ్యక్షుల వారికి, వేసవి సెలవుల్లో పిల్లలకు రోజూ మజ్జిగ పంపిన రామాలయం వీధి ఆడపడుచులకు, దినపత్రికల చందా కట్టిన కొబ్బరి వర్తకులకు సంఘం రుణపడి ఉంది. ధవళేశ్వరంలో గోదావరి నీటిమట్టం 13.75 అడుగులు దాటింది, రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు అనగానే రాత్రికి రాత్రి కింది అరల పుస్తకాలన్నీ అటకెక్కించిన రేవు కుర్రాళ్ళను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒక్క పుస్తకం తడవలేదు.

ఈ ఏడాది అన్నిటికన్నా పెద్ద పని మన పాత కంప్యూటర్ బతకడం. పుస్తకాల జాబితా, సభ్యుల వివరాలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకోచోట కాపీ తీసి పెట్టలేదు. ఆ తప్పు నాదే. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు దాన్ని బీరువా మీదకు చేర్చాం. నీళ్ళు తగల్లేదు గానీ మన గాలిలోని చెమ్మ ఊరుకోదు కదా. ఈ వర్షాకాలంలో ఒక ఉదయం బటన్ నొక్కితే లైటు లేదు, ఫ్యాను లేదు, ఏ చప్పుడూ లేదు. షాపుకు తీసుకెళ్తే పైనుంచే చూసి, భాగాలన్నిటినీ కలిపే ముఖ్యమైన పలక మదర్‌బోర్డు పోయింది, పాత ఇనుముకు వేసేయండి అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాకినాడలో పాలిటెక్నిక్ చదివే మన ఊరి అమ్మాయి సెలవులకు వచ్చింది. "మాస్టారూ, వాళ్ళు మూత తీసి చూశారా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. "అయితే మనం చూద్దాం" అంది.

ముందు ఆ ప్లగ్గులోనే టేబుల్ ఫ్యాను పెట్టి కరెంటు వస్తోందని తేల్చుకుంది. తర్వాత మానిటర్ వైరు తీసి సీపీయూకు పెట్టింది. రెండింటికీ ఒకే రకం వైరు అని నాకు అప్పుడే తెలిసింది. వెనకాల ఉన్న చిన్న స్విచ్ ఆన్‌లోనే ఉంది. మూత తీసి, ముందు బటన్ వైరు ఊడదీసి, అది తగిలే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకించింది. కదలిక లేదు. అంటే తప్పు బటన్‌ది కాదు.

అప్పుడు ప్లగ్గు తీసేసి, కంప్యూటర్‌కు తగినట్టు కరెంటును మార్చి ఇచ్చే పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్ళే 24 పిన్నుల వైరు ఊడదీసింది. ఆ పెట్టెకు కరెంటు వాడుకునేది ఏదో ఒకటి ఉండాలని పాత డీవీడీ డ్రైవు ఒక్కటి తగిలించి, పచ్చ వైరు రంధ్రంలోకీ పక్కనున్న నల్ల వైరు రంధ్రంలోకీ కాగితాల క్లిప్పును వంచి దూర్చి, మళ్ళీ కరెంటు ఇచ్చింది. బాగున్న ఎస్‌ఎంపీఎస్ అయితే ఫ్యాను తిరుగుతూనే ఉండాలట. మనది అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ చేసినా అంతే. మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల (కరెంటును నిలవ ఉంచే చిన్న డబ్బాల) తలలు ఉబ్బకుండా చదునుగానే ఉన్నాయి. పోయింది ఎస్‌ఎంపీఎస్ అని తేలింది. మన కుర్రాడొకడు దాన్ని విప్పబోతే ఆ అమ్మాయి గట్టిగా ఆపింది. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులు దాటి నిలవుంటుందట. పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

అమలాపురం నుంచి కొత్త ఎస్‌ఎంపీఎస్ తెప్పించి బిగిస్తే ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది, ఆగి ఆగి బీప్ అంటోంది. ర్యామ్ (మెమరీ పలక) ఊడదీసి, చిలుము పట్టిన బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్ళీ నొక్కి పెట్టింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. గదిలో ఉన్న అందరం చప్పట్లు కొట్టాం. గడియారం ఏళ్ళు వెనక్కి పోయి ఉంటే రూపాయి బిళ్ళలాంటి 3 వోల్టుల బ్యాటరీ మార్చింది. అదే సాయంత్రం జాబితాలన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించాం. కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 7. దానికి 2020 జనవరితోనే కంపెనీ మద్దతు ఆగిపోయింది కాబట్టి ఇంటర్నెట్‌కు తగిలించవద్దని మనవి.

జమాఖర్చుల పుస్తకం కోశాధికారి గారి దగ్గర ఉంది, ఎవరైనా చూడవచ్చు. ఖర్చులో పెద్దవి పెంకులు, ఎస్‌ఎంపీఎస్. అప్పులు లేవు.

ఒక బాధ చెప్పకుండా ఉండలేను. సాయంత్రాలు గ్రంథాలయం తెరుస్తామని పోయిన సమావేశంలో పద్నాలుగు మంది పేర్లిచ్చారు. తాళం చెవి కోసం వచ్చింది నలుగురే. పని ఉంటే ముందుగా కబురు చేయండి, తలుపు దగ్గర పిల్లలు నిలబడి వెనక్కి పోతున్నారు. గోడ మరమ్మతు నిధుల కోసం మూడుసార్లు అర్జీ పెట్టాం. వెళ్ళిన ప్రతిసారీ సార్ క్యాంపులో ఉన్నారన్నారు. నాలుగోసారి సభ్యులు పదిమందైనా కలిసి రావాలి.

కొత్తగా విరాళం వచ్చిన పుస్తకాలు మూడు బస్తాలు ఇంకా జాబితాకు ఎక్కలేదు. వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఆ పని మొదలుపెడుతున్నాం, టైపు వచ్చినవాళ్ళు రండి. ఈ నివేదికను ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి