ఒకటి రెండు చోట్ల అంటే మా ఊరా, కాదా?

ఎడిటర్ గారికి,

నమస్కారం. దువ్వూరు మండలంలో కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద మాకు నాలుగెకరాల వరి ఉంది. మా ఆయన లారీ మీద పోతాడు, నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండడు. సేద్యం నేనూ మా అత్తా చూసుకుంటాం. ఇంటికి మీ పేపరే వస్తుంది. పొద్దున్నే నేను పైకి చదువుతాను, అత్త వింటుంది. ఆమెకు కావాల్సినవి రెండే: చావు కబురు, వాన కబురు.

పోయిన సోమవారం మొదటి పేజీలో 'సీమకు వాన గండం' అని ఇంతింత అక్షరాలతో వేశారు. ముందు రోజే మూడెకరాలు మిషన్‌తో కోయించాం. 75 కిలోల లెక్కన 72 బస్తాల వడ్లు ఊరి బయట తారురోడ్డు మీద ఓ పక్కగా పోసి ఉన్నాయి. (రోడ్డు మీద ఆరబోయడం తప్పని తెలుసు. మేం అడ్డం పెట్టిన రాళ్లు చీకట్లో కనపడక బండి మీంచి పడినవాళ్లూ ఉన్నారు. పాత కల్లాలన్నీ ఇళ్ల స్థలాలైపోయాయి, మాకు మిగిలింది ఆ రోడ్డే.)

వార్త సగం చదివేసరికే వడ్ల మీద కప్పే టార్పాలిన్ పట్టల కోసం అత్త లేచింది. బాడుగకిచ్చే ఆయన దగ్గర అప్పటికే ఒక్కటి కూడా లేదు. మా ఇంట్లో ఉన్నవి రెండు, అందులో ఒకటి ఎలుకలు కొరికింది. సాయంత్రం నాలుగింటికి వ్యాపారి కారు దిగాడు, చంకలో మీ పేపరే. "చూసినావా అక్కా, రేపటికి మొలకలొస్తాయి. ఈ పొద్దే తూకమేయిస్తే తీసుకుంటా" అన్నాడు. బస్తాకు 200 తక్కువ. 40 బస్తాలు ఇచ్చేశాను. మిగతా వాటికి అత్త అడ్డం పడింది. "తడిస్తే తడవనీ, కోళ్లకైనా పోసుకుందాం, ఆ రేటుకు మాత్రం ఇయ్యొద్దు" అంది.

మంగళవారం మబ్బు పట్టింది, అంతే. బుధవారం నుంచి చుర్రుమని ఎండ. ఒక్క చినుకు రాలలేదు. ప్రభుత్వం వడ్లు కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదు. మా 32 బస్తాలకు శుక్రవారం తేమ మిషన్ పెడితే 16 చూపించింది, పూర్తి ధరే పలికింది. తొందరపడి అమ్ముకున్న 40 బస్తాల మీద 8 వేలు పోయాయి. మా అత్త ఆ మాట ఎత్తకుండానే రోజుకు నాలుగుసార్లు గుర్తుచేస్తోంది.

కోపం తగ్గాక ఆ సోమవారం పేపరు మళ్లీ తీశాను. వార్తలో అబద్ధం లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు, నిజమే. నాలుగో పేరాలో "రాయలసీమలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వానలు" అని కూడా ఉంది. ఇందులో గండం ఎక్కడుంది? అల్పపీడనం బలపడి వాయుగుండమై, ఇంకా ముదిరి గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే గానీ దాన్ని తుపాను అనరు. మీ హెడ్డింగు రాసినాయన ఆ మెట్లన్నీ ఒక్క దూకులో ఎక్కేశాడు.

ప్రొద్దుటూరులో డిగ్రీ చదివే మా పాప ఫోన్లో చూసి చెప్పింది. వాతావరణ శాఖ వాళ్ల భాషలో "ఒకటి రెండు చోట్ల" అంటే, వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించి పడదని అర్థమట. అంటే మూడొంతుల మందికి పడదన్నమాట! ఆ ముక్క రాస్తే నేను వడ్లు అమ్మేదాన్నా? ఇక "మోస్తరు" అంటే ఒక రోజులో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల దాకా ఏదైనా కావొచ్చట. 16 పడితే పట్ట కప్పుకుని గట్టెక్కుతాం. 64 పడితే బురద కయ్యలో టైర్ల కోత మిషన్ దిగదు, చైన్ల మీద నడిచే మిషన్ పిలవాలి, దాని బాడుగ వేరు. రెండింటికీ ఒకటే మాటైతే మేం ఏది అనుకోవాలి?

పైగా సీమ అంటే ఒక ఊరు కాదు గదా. ఈ నెలల్లో వాన తూర్పు నుంచి, సముద్రం వైపు నుంచి వస్తుంది. రైల్వే కోడూరు, తిరుపతి పక్క కుండపోతగా కురిసినా, శేషాచలం కొండలు దాటి మా దాకా వచ్చేసరికి మబ్బే మిగులుతుంది. ఇంకా పడమటనున్న ఆదోని, మంత్రాలయం వాళ్లకు అదీ ఉండదు. పోయిన వారం జరిగిందీ అదే. వాన పడింది, మాకు కాదు, కోడూరు వాళ్లకు. మీరు మాత్రం అందరినీ ఒకే పట్ట కింద కప్పేశారు.

హెచ్చరించొద్దని అనడం లేదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు మా చెల్లెలు నందలూరులో ఉంది. రెండు రోజులు ఫోన్ కలవలేదు. అలాంటి రోజున ఎంత పెద్ద అక్షరాలు వేసినా చాలవు. అందుకే అడుగుతున్నా, అలాంటి రోజుకూ పోయిన సోమవారానికీ ఒకటే సైజు అక్షరాలైతే ఎట్లా?

ఇంకోటి, మీ వాన వార్తలో మబ్బు సంగతి, తేమ సంగతి ఎప్పుడూ ఉండవు. విశాఖ కార్తె దాటి అనూరాధలో పడ్డాం, అంటే నవంబరు చివరికి వచ్చాం. వాన లేకపోయినా తెల్లారేసరికి పట్ట మీద మంచు నీళ్లు కారుతుంటాయి. పది గంటలకు గానీ పట్ట తీయలేం, నాలుగింటికల్లా మళ్లీ కప్పేయాలి. ఆ ఆరు గంటలూ మబ్బు ఉంటే ఆ రోజు వడ్లు తిరగేసిన కూలి దండగ. పసుపు, ఉల్లి వేసినవాళ్లకు మందు కొట్టాలా వద్దా అనేదీ దీని మీదే. వాతావరణ శాఖ ప్రతి మంగళ, శుక్రవారాల్లో జిల్లాల వారీగా వ్యవసాయ బులెటిన్ ఇస్తుంది. వచ్చే అయిదు రోజుల వాన, ఎండ, గాలి, మబ్బు, తేమ అన్నీ అందులో ఉంటాయి. మేఘదూత్ యాప్‌లో కూడా చూడొచ్చని పాప నా ఫోన్లో వేసిచ్చింది. నేను చూసుకుంటా సరే, మా ఊళ్లో అరుగు మీద కూర్చునేవాళ్లకు పేపర్లో పడిందే నిజం. సినిమా పేజీలో ఒక మూల ఖాళీ చేసి, కోతలయ్యేదాకా ఆ బులెటిన్‌లో కడప జిల్లా ముక్క వేయండి. వస్తుందన్న వాన రాకుండా పోతే మర్నాడు ఆ సంగతి కూడా రాయండి.

మాకింకా ఒక ఎకరా కోతకు ఉంది. ఆలస్యంగా నాటింది, ఇప్పుడు గింజ పండింది. గురువారానికి ఖాయం చెయ్యమని మిషన్ అబ్బాయి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఈ రోజు మీ పేపర్లో మళ్లీ "సీమలో ఒకటి రెండు చోట్ల" అని ఉంది. రేపు చెప్తాలే అన్నాను.

ఇట్లు,
ఒక మహిళా రైతు,
దువ్వూరు మండలం, కడప జిల్లా