చమురుకు నీటి కాపలా

సంపాదకుని గారికి,

గల్ఫ్‌లో యుద్ధమనగానే అందరి చూపూ హార్ముజ్ జలసంధి మీదకే పోతుంది. దేశ అత్యవసర నిల్వ కోసం మన విశాఖ కొండ కింద తొలిచిన, 13.3 లక్షల టన్నుల ముడి చమురు పట్టే గుహల ఊసే ఎవరూ ఎత్తరు. వాటికి ఉక్కు తొడుగు లేదు. పైనున్న సొరంగం నుంచి బోర్లు వేసి రాతి పగుళ్లను నీటితో నింపుతారు. ఆ నీటి ఒత్తిడి చమురు ఆవిరి ఒత్తిడిని మించి ఉన్నంతవరకే చమురు లోపల ఉంటుంది. భూగర్భజలం దిగితే ఆవిరి పగుళ్ల వెంట పైకి పాకుతుంది. గుహలోకి ఊరే నీటిని అడుగు గుంటలోంచి పంపులతో ఆపకుండా తోడాలి కూడా. 2014 హుద్‌హుద్ తుపానుకు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, అది మరవకూడదు. తుపాకీ కాపలా ఒక్కటే చాలదు. చుట్టుపక్కల నీరు తోడే కొత్త బోర్లు ఆపించండి, భూగర్భజల ఒత్తిడిని కొలిచే పీజోమీటర్ రీడింగులు రోజూ చూడండి, పంపుల జనరేటర్లను నెలకోసారైనా పూర్తి లోడు మీద నడపండి.

— భూగర్భ నిల్వల ఇంజనీర్లు, విశాఖపట్నం