బిట్ల వరస ఒక్కటే చాలదు మామా

ఒరేయ్ మామా,

ఒంటికి కట్టుకునే సెన్సర్లన్నిటినీ సెకనుకి ఎన్ని బిట్లో చూసి వరసగా పేర్చి పంపావు కదా, చూశాను. లెక్కలు సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ వరసని నమ్ముకుని రేడియో ఎంచుకుంటే దెబ్బతింటావు. పక్కన ఇంకో రెండు గడులు గీయి: ఎంత ఆలస్యమైతే ఓర్చుకోగలం, ఎంత పోతే ఓర్చుకోగలం. అప్పుడు వరసంతా తారుమారవుతుంది.

గ్లూకోజ్ సెన్సర్‌నే తీసుకో. ఐదు నిమిషాలకొక అంకె, రోజుకి 288. ఫోను ఇంట్లో వదిలేసి బజారుకెళ్లొచ్చినా పరవాలేదు, రాగానే మిగిలిన అంకెలన్నీ ఎక్కాలి. అంటే ఆలస్యం ఓర్చుకుంటుంది, పోవడం ఓర్చుకోదు. ఇయర్‌ఫోన్‌లో ఫోను మాట దీనికి తలకిందులు. పాత పద్ధతిలో సెకనుకి 64 కిలోబిట్లు. చిన్న ముక్క పోయినా చెవికి తెలియదు, అర సెకను ఆగితే మాత్రం ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడేస్తారు. సరే, అదే గ్లూకోజ్ సెన్సర్ 'చక్కెర పడిపోతోంది' అని చెప్పాల్సి వస్తే? ఆ కబురు ఆగకూడదు, పోనూకూడదు. అందుకే నేను గట్టిగా చెప్పేది: పరికరాన్ని కాదురా, అది పంపే ఒక్కో కబురునీ విడిగా వర్గీకరించు. ఒంటి మీది నెట్‌వర్క్ కోసమే 2012లో వచ్చిన 802.15.6 ప్రమాణంలోనూ ప్రాధాన్యం 0 నుంచి 7 దాకా ఎనిమిది మెట్లు. 7 అత్యవసర కబురుది, ఎన్ని బిట్లున్నా సరే.

ఇక ఈసీజీ. అసలు తిప్పలన్నీ ఇక్కడే. నీ ఛాతీ బెల్టులో మూడు ఛానళ్లు, సెకనుకి 500 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు: సెకనుకి 24 కిలోబిట్లు, అంటే 3,000 బైట్లు. తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ రకం 'లో-ఎనర్జీ'కి ఇది లెక్కలోకి రాదనుకుంటాం. కానీ ఎమ్‌టీయూ, అంటే ఒక ప్యాకెట్ ఎంత పొడవుండొచ్చన్న హద్దు, మార్చకపోతే ఒక ప్యాకెట్‌లో నీకు దక్కేది 20 బైట్లే. మూడు ఛానళ్లూ కలిపి ఒక్కసారికి 6 బైట్లు, దాన్నే ఒక శాంపిల్ అనుకుందాం. అలాంటి మూడు శాంపిళ్లకి 18, వరస సంఖ్యకి 2. సెకనుకి 167 ప్యాకెట్లు! కనెక్షన్ ఇంటర్వల్, అంటే ఫోనూ సెన్సరూ ఒకసారి కలిశాక మళ్లీ కలిసే దాకా గడువు, 30 మిల్లీసెకన్లైతే ప్రతిసారీ ఐదేసి పంపాలి. అవతలి ఫోను అన్నిటికి చోటివ్వకపోతే క్యూ నిండి శాంపిళ్లు రాలిపోతాయి. ఎమ్‌టీయూ 247కి పెంచు. ఆండ్రాయిడ్ యాప్‌లో దాన్ని నువ్వే అడగాలి. బ్లూటూత్ 4.2తో వచ్చిన పొడవు ప్యాకెట్ల సదుపాయం కూడా ఆన్ చెయ్యి, లేకపోతే లోపల మళ్లీ 27 బైట్ల ముక్కలే అవుతాయి. అప్పుడు 40 శాంపిళ్లకి 240 బైట్లు, టైమ్‌కి 4, మొత్తం 244. సెకనుకి పన్నెండున్నర ప్యాకెట్లు చాలు.

అయితే 40 శాంపిళ్లు పోగవడానికే 80 మిల్లీసెకన్లు పడుతుంది. ఇంటర్వల్ కోసం ఇంకో 30 ఆగి, ఒకసారి పోయి మళ్లీ పంపితే 140. వైద్య కబురు 125 లోపు చేరాలని పెట్టుకుంటే దాటిపోయావన్నమాట. తెర మీద గుండె లయ అప్పటికప్పుడు కనిపించాలంటే ప్యాకెట్‌కి 20 శాంపిళ్లు పెట్టు, అప్పుడు 100లో సరిపోతుంది. రాత్రంతా రికార్డు చేసి పొద్దున చూసేదైతే 40 ఉంచు, బ్యాటరీ మిగులుతుంది.

శరీరంలో ఉన్నది చాలావరకు నీళ్లే, 2.4 గిగాహెర్ట్జ్‌ని మింగేస్తాయి. ఫోను వెనక జేబులో, బెల్టు ముందు ఉంటే ప్యాకెట్లు ఒకటీ అరా కాదు, గుత్తులుగా పోతాయి. అవి చేరేదాకా దాచుకోవడానికి పది సెకన్ల బఫర్ పెట్టు: 30,000 బైట్లు. ర్యామ్ 64 కిలోబైట్లున్న చిప్‌లో దాదాపు సగం అదే తినేస్తుంది, ముందే చూసుకో.

పడిపోవడం పసిగట్టే నడుము సెన్సర్‌తో జాగ్రత్త. ఆరు అక్షాలు, సెకనుకి 100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు అంటే సెకనుకి 9,600 బిట్లు. అవన్నీ పంపకు, లెక్క అక్కడే చేసి 'పడ్డాడు' అన్న నాలుగు బైట్లు పంపితే చాలు. బ్యాటరీ కోసం ఇంటర్వల్ ఒక సెకను, పెరిఫెరల్ లేటెన్సీ 4 పెట్టావనుకో, అంటే పంపేదేమీ లేకపోతే సెన్సర్ వరసగా నాలుగుసార్లు కలవకుండా నిద్రపోవచ్చు. సెన్సర్ నుంచి కబురు సెకను లోపే బయల్దేరుతుంది గానీ, ఫోను నుంచి 'అలారం ఆపు' అన్నది చేరడానికి ఐదు సెకన్లు పట్టొచ్చు.

చివరిగా, టైమ్ ఎప్పుడూ సెన్సర్ దగ్గరే వెయ్యి. రెండు గడియారాల మధ్య తేడా 40 పీపీఎమ్ (పది లక్షల్లో 40 వంతులు) ఉన్నా రోజుకి మూడున్నర సెకన్లు జరుగుతుంది. బెల్టునీ నడుము సెన్సర్‌నీ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఏది ముందో తేలదు. గంటకోసారి ఫోను టైమ్‌తో సరిచెయ్యి.

బెల్టుకి ఏ చిప్ తీసుకుంటున్నావో రాయి, బఫర్ లెక్క మళ్లీ వేద్దాం.

నీ మామ