ఆ నాలుగు ముక్కలు తెలుగులో రాయించండి

సంపాదకులకు నమస్కారం.

నేను సూర్యాపేటలో ప్రభుత్వ బడి టీచర్ని. ఈ వేసవి సెలవుల్లో నేనూ, నాతో పదో తరగతి చదివిన నలుగురు నేస్తాలూ కలిసి హైదరాబాద్ శివారులోని ఒక థీమ్ పార్కుకి వెళ్లొచ్చాం. అక్కడ రైడ్ల దగ్గర జాగ్రత్తలు చెప్పే బోర్డులు తెలుగులో లేవు, ఈ ఉత్తరం దాని గురించే. ఆ పార్కు పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఇది ఆ ఒక్కళ్ల గొడవే అనుకుని మిగతావాళ్లు చేతులు దులుపుకుంటారు.

ముందు మా గురించి రెండు మాటలు. 1989లో తెలుగు మీడియంలో పదో తరగతి పాసైన బ్యాచ్ మాది. ఒకామె అంగన్‌వాడీ టీచరు, ఒకామె స్టాఫ్ నర్సు, ఒకామె కిరాణా కొట్టు నడుపుతుంది, ఇంకొకామె ఇంటిపట్టున మనవణ్ని చూసుకుంటోంది. అందరికీ యాభై దాటాయి. పిల్లలు చిన్నప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లి వాళ్లని జెయింట్ వీల్ ఎక్కించి, కింద నిలబడి చెప్పులూ బ్యాగులూ కాపలా కాశామే గానీ మేం ఎక్కింది లేదు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకి బస్సు ఉచితమయ్యాక యాదగిరిగుట్టకీ, వేములవాడకీ వెళ్లొచ్చాం. ఈసారి దేవుడి దగ్గరికి కాకుండా మనకోసం ఎటైనా పోదామని కిరాణా కొట్టు నేస్తమే అంది.

తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఆధార్ కార్డులు చూపించి జీరో టికెట్లు తీసుకున్నాం. ఎల్బీనగర్‌లో దిగి, అక్కణ్నుంచి సిటీ బస్సు, ఆ పైన ఆటో. పార్కు గేటు దగ్గరికి చేరేసరికి పదైంది. అక్కడ బ్యాగులు వెతికి పులిహోర డబ్బా, సకినాల పొట్లం బయటికి తీశారు. బయటి తిండి లోపలికి రాకూడదట. పారేయడానికి చేతులు రాక పార్కింగ్ పక్కనున్న కానుగ చెట్టు కింద కూర్చుని, ఐదుగురికి మధ్యాహ్నానికని తెచ్చిన పులిహోరంతా పదింటికే తినేశాం. దాని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. సినిమా హాళ్ల కేసులో 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా బయటి తిండి వద్దనే హక్కు యజమానులకు ఉందనీ, తాగునీళ్లు మాత్రం ఉచితంగా పెట్టాలనీ చెప్పింది. ఈ పార్కులో నీళ్లు ఉచితంగానే ఉన్నాయి. మేం ఎక్కడుంటే నల్లా దానికి ఆ చివరన ఉండేది, అంతే.

లోపల మొదటి ముచ్చట బట్టలు. చీరలతో, నూలు బట్టలతో నీళ్లలోకి దిగనివ్వరు. చున్నీ కూడా కుదరదు. నైలాన్ డ్రెస్సులు అక్కడే కొనుక్కుని తొడుక్కుని బయటికి వచ్చి ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. ముప్పై ఏళ్లుగా చీర తప్ప ఎరగని అంగన్‌వాడీ టీచరు టీషర్టు కిందికి లాక్కుంటూ "మా కోడలు చూస్తే ఫొటో తీసి వాట్సాప్‌లో పెడ్తది" అంటూ గోడ వెనక నక్కింది. పావుగంట తర్వాత అలల కొలనులోంచి బయటికి రానన్నది కూడా ఆవిడే. సైరన్ మోగగానే ఎక్కడెక్కడి జనమూ కేకలు పెడుతూ నీళ్లలోకి పరిగెడతారు. అల వచ్చి కొట్టినప్పుడల్లా మా నర్సు "నరసింహస్వామీ!" అని అరిచేది. పక్కనున్న ఇంజినీరింగ్ పిల్లలు కాసేపు నవ్వి, తర్వాత వాళ్లూ ఆవిడతో కలిసి అదే అరవడం మొదలుపెట్టారు. గొట్టంలాంటి జారుడుబండలో ట్యూబు మీద కూర్చుని చీకట్లో తిరిగి తిరిగి బయటపడ్డప్పుడు నాకు ఒక్క క్షణం నేను టీచర్నని గుర్తులేదు. ఈ ఉత్తరంలో తర్వాత ఎంత సణిగినా, ఆ రోజు మేం నవ్వినట్టు పెళ్లిళ్లయ్యాక ఎప్పుడూ నవ్వలేదని ముందే చెబుతున్నాను.

మధ్యాహ్నం బట్టలు మార్చుకుని పొడి రైడ్ల వైపు వెళ్లాం. ఆకాశంలోకి ఎత్తి ఒక్కసారిగా కిందికి వదిలే రైడ్ ఒకటి ఉంది. కిరాణా కొట్టు నేస్తం పొద్దుటి నుంచీ దాని మీదే కన్నేసింది. లైను చాంతాడంత ఉంది. కొంత దూరమే పైన రేకుల నీడ, మిగతాది ఎండ. కూర్చోడానికి ఒక్క బల్ల లేదు. మే నెల ఎండలో నలభై నిమిషాలు నిలబడ్డాం. కబుర్లతో అది కూడా గడిచిపోయింది. ఇంకో రెండు గుంపులైతే మా వంతు అనగా మా నర్సు పక్కనున్న బోర్డు చదవడం మొదలుపెట్టి, గబుక్కున కొట్టు నేస్తం భుజం పట్టుకుంది. "ఏమే, నీకు డిస్కు నొప్పి కదా? నడుము, మెడ నొప్పులున్నోళ్లు ఎక్కొద్దని ఉందిక్కడ."

బీపీ, గుండెజబ్బు, నడుము, మెడ, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు... అన్నీ వరసగా ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషులో. అదే బోర్డు లైను మొదట్లో కూడా ఉందని తిరిగి వచ్చేటప్పుడు చూశాం. ఇంగ్లీషు చదవగలదానివి, నువ్వెందుకు చదవలేదని ఎవరైనా నన్ను అడగొచ్చు. చూశాను గానీ చదవలేదు. మందుసీసా డబ్బాలో మడిచి పెట్టే కాగితాన్ని చూసి ఎలా వదిలేస్తామో, అలాంటి ఇంగ్లీషు బోర్డును కన్ను దానంతటదే దాటేస్తుంది. అదే తెలుగులో 'నడుము నొప్పి' అన్న మాట కనిపిస్తే, నొప్పి ఉన్నవాళ్ల కాలు అక్కడే ఆగుతుంది.

ఆమె లైనులోంచి పక్కకి వచ్చేసింది. రైడ్ పోయినందుకు ఆమె బాధపడలేదు. రోజూ పొద్దున కొట్టు తెరిచి, మీ పత్రిక మొదటి పేజీ నుంచి చావు ప్రకటనల దాకా చదివి గానీ బేరం మొదలుపెట్టని మనిషి. ఊళ్లో ఎవరికి పింఛను అర్జీ కావాలన్నా ఆమె దస్తూరీతోనే. అలాంటి మనిషి "సదువు రానోళ్లని నిలబెట్టినట్టు నిలబెట్టిండ్రు గదే" అంది. మేం నలుగురం కూడా ఎక్కలేదు. నిమ్మసోడా తాగి వేరే వైపు వెళ్లాం.

ఆ తర్వాత నేను ప్రతి రైడ్ దగ్గరా బోర్డులు చూస్తూ నడిచాను. టీచర్ బుద్ధి ఎక్కడికి పోతుంది. తినేవాటి పేర్లు తెలుగులో ఉన్నాయి. 'స్వాగతం' తెలుగులో ఉంది. ఫొటోలు కొనుక్కోమనే కౌంటరు మీద తెలుగుంది. ప్రాణానికి సంబంధించిన ముక్కలు మాత్రం ఇంగ్లీషులో, కొన్ని చోట్ల హిందీలో. బెల్టు బిగించే కుర్రాడు పాపం వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాడు. మర్యాదగానే చెబుతున్నాడు, కాకపోతే హిందీలో. చెయ్యి లోపల పెట్టుకోమంటున్నాడో, బయట పెట్టమంటున్నాడో అర్థంకాక ఒక పెద్దాయన రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టినట్టు కూర్చున్నాడు. అందరం నవ్వాం గానీ నవ్వాల్సిన విషయం కాదు. టికెట్ వెనక 'ఏం జరిగినా మీదే బాధ్యత' అన్న వాక్యం కూడా ఇంగ్లీషులోనే ఉంది. అర్థం కాని భాషలో పెట్టిన బాధ్యతని మనిషి ఎలా మోస్తాడు?

ఇది చాదస్తం అనుకునేవాళ్లకి ఒకటి గుర్తుచేస్తాను. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివారులోనే గో-కార్ట్ నడుపుతుండగా చక్రంలో జుట్టు చిక్కుకుని ఒక బీటెక్ విద్యార్థిని చనిపోయింది. అక్కడ బోర్డు సంగతి ఏమిటో నేను మాట్లాడటం లేదు. జుట్టు, చున్నీ, చీర కొంగు ప్రాణం మీదికి తెచ్చే చోట, ఆ మాటలు జడా కొంగూ ఉన్నవాళ్ల భాషలో ఉండాలి కదా అంటున్నాను.

పార్కులకి ఇప్పుడు ఐటీ ఉద్యోగుల పిల్లలే రావడం లేదు. మాలాంటివాళ్లు జిల్లాల నుంచి గుంపులు గుంపులుగా వస్తున్నారు. ఆ రోజు మాకు జనగామ నుంచి వచ్చిన స్వయం సహాయక సంఘం వాళ్లు ఒక బస్సు నిండా కలిశారు. మేం కట్టే టికెట్లో 18 శాతం జీఎస్టీ ఉంది. పన్ను కట్టేటప్పుడు మాకు ఇంగ్లీషు రాదని ఎవరూ మినహాయింపు ఇవ్వలేదు. హైదరాబాద్ మెట్రోలో వచ్చే స్టేషన్ పేరు తెలుగులో చెబుతారు. రైల్వే స్టేషన్ బోర్డు తెలుగులో ఉంటుంది. దిగాల్సిన చోటు దాటిపోతే ఇంకో బండెక్కి వెనక్కి రావచ్చు. అక్కడే ఇంత జాగ్రత్త తీసుకుంటున్నప్పుడు, మనిషిని తలకిందులు చేసి తిప్పే యంత్రం దగ్గర ఎందుకు తీసుకోరు?

1966 నాటి అధికార భాషా చట్టం ప్రభుత్వ వ్యవహారాలకే గానీ ప్రైవేటు పార్కులకి కాదని నాకు తెలుసు. అందుకే అనుమతి ఇచ్చే దగ్గరే ఈ షరతు పెట్టమని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. రైడ్ ఎవరు ఎక్కకూడదో లైను మొదట్లోనే తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో ఉండాలి. బెల్టు పెట్టేటప్పుడు చెప్పే నాలుగు మాటలు రికార్డు చేసి తెలుగులో వినిపించాలి. ఆ కుర్రాణ్ని తెలుగు నేర్చుకోమని వేధించనక్కర్లేదు. ఇది రెండు రాష్ట్రాలకీ చెబుతున్నాను. నీడ, బల్లలు కూడా అడగాలని ఉంది. కానీ అన్నీ కలిపి అడిగితే అసలుదాన్ని పక్కన పెట్టి రెండు బల్లలు వేసి ఊరుకుంటారని భయం.

ఇంకో భయం కూడా ఉంది. రేపు నిజంగానే తెలుగులో రాయించినా, 'అధిక రక్తపోటు గల సందర్శకులు ఈ సవారీని అధిరోహించుటకు అనర్హులు' అని రాయిస్తారు. దానికన్నా ఇంగ్లీషే నయం.

ఆరింటికి పార్కు మూసేశారు. సూర్యాపేట బస్సు దొరికి ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. పాదాలు బూరెల్లా ఉబ్బాయి. బస్సులో ఎవరి తల ఎవరి భుజం మీద పడి నిద్రపోయామో కూడా తెలియదు. మర్నాడు మంచం దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అయినా గ్రూపులో మొదటి మెసేజ్ కొట్టు నేస్తానిదే. దసరాకి మళ్లీ పోదామంది. దాని కింద ఒక ఫొటో పెట్టింది. సరుకుల చీటీ వెనక తన గుండ్రటి అక్షరాలతో, పార్కువాళ్లకి పనికొస్తుందని తానే ఒక బోర్డు రాసింది. ఉన్నదున్నట్టు కింద ఇస్తున్నాను. పార్కుల యజమానులెవరైనా వాడుకోవచ్చు, రాసినందుకు పైసా ఇవ్వనక్కర్లేదని ఆమె చెప్పమంది.

"నడుము నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్లు ఇది ఎక్కకండి. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు ఎక్కకండి. కడుపుతో ఉన్నవాళ్లు ఎక్కకండి. జడ ముడి వేసుకోండి, కొంగు, చున్నీ గట్టిగా దోపుకోండి. బండి పూర్తిగా ఆగేదాకా చేతులు బయట పెట్టకండి. ఏదైనా అనుమానం ఉంటే లైనులో నిలబడకముందే అడగండి."

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సూర్యాపేట