మా సీసా మీది ఒక మాట తీసేస్తున్నాం

అనంతపురంలో మా గానుగ నూనె వాడుతున్న వారందరికీ నమస్కారం.

ఏడాదిన్నరగా మా సీసాల మీద ‘పూర్తిగా ఎండతో ఆడించిన వేరుశనగ నూనె’ అని అచ్చు వేయిస్తున్నాం. అంటే గానుగ మొత్తం సోలార్ కరెంటుతోనే తిరుగుతుందని. అది నిజం కాదు. ఈ వారం నుంచి ఆ మాట ఉండదు.

దసరా ముందు ఒక రాత్రి తొమ్మిది గంటలప్పుడు గానుగ తిరుగుతూనే ఉంది. రోట్లో పిండి అంచుకు చేరి, నూనె సన్నటి ధారగా డబ్బాలోకి దిగుతోంది. ఎన్నో ఏళ్లుగా మా దగ్గరే నూనె పట్టుకెళ్లే ఒక రిటైర్డ్ టీచరమ్మ సీసా మీది అక్షరాలు చదివి, “ఇప్పుడు ఏ ఎండతో ఆడిస్తున్నావు నాయనా?” అని అడిగారు. “రాజస్థాన్ సోలార్ కరెంటు గ్రిడ్‌లో వస్తుందమ్మా” అన్నాను. నోటికొచ్చిన జవాబు అది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

రాజస్థాన్‌లో పెద్ద సోలార్ పార్కు ఉన్న భడ్లా మనకు పడమరన ఉంది కాబట్టి అక్కడ మిట్టమధ్యాహ్నం మనకంటే ఇరవై నిమిషాలు దాటి వస్తుంది. వేసవిలో పొద్దు ఇంకాస్త ఆగుతుంది. అంతే తేడా. రాత్రి తొమ్మిదికి దేశంలో ఎక్కడా ఎండ ఉండదు. ఆ వేళ మా మోటారును తిప్పేది చాలావరకు బొగ్గు కరెంటే. కొంత జలవిద్యుత్తు, గాలి వీచే రోజుల్లో ఉరవకొండ, వజ్రకరూరు వైపు గాలిమరలది కొంత. ముద్దనూరు థర్మల్ కేంద్రం నుంచి వచ్చింది ఇది, తలారిచెరువు సోలార్ పార్కుది ఇది అని ఏ మీటరూ విడదీసి చూపదు.

మా మిద్దె మీద 10 కిలోవాట్ల ప్యానెళ్లు ఉన్నాయి. మంచి ఎండ కాస్తే రోజుకు 40 యూనిట్ల పైనే వస్తాయి. మిగిలింది బయటికి పంపుతాం, రాత్రి వాడుకున్నది నెట్ మీటరింగులో అందులోంచి పోతుంది. నెలాఖరుకు పద్దు సరిపోతోంది కదా అని ‘పూర్తిగా ఎండతో’ అని రాయించేశాను. పద్దు సరిపోయినంత మాత్రాన రాత్రి తీగలో వచ్చింది ఎండ అయిపోదు. నిన్న సాయంత్రం 5:40కి ఇన్వర్టర్ తెర మీద 0.3 కిలోవాట్లు కనిపించింది. మా 3 హెచ్‌పీ మోటారుకు రెండు కిలోవాట్లకు పైగా కావాలి.

దూరం నుంచి తెచ్చే కరెంటు దండగ అని మాత్రం నేను అనను. 2012, 2013లో కోతల వల్ల మా నాన్న గానుగ ఆపి, గుమ్మంలో కూర్చున్న రోజులు నాకు బాగా గుర్తు. అప్పట్లో వేరే ప్రాంతాల్లో కరెంటు దొరికినా దక్షిణాదికి తెచ్చే లైన్ల సామర్థ్యం చాలేది కాదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. ఇప్పుడు ఇక్కడ మబ్బు పట్టిన రోజు ఎడారి ఎండ మనకు అక్కరకొస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన గాలి ఇంకొకరికి పోతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం చాలా మంచిది. అయితే పగటి ఎండను రాత్రికి తేవాలంటే తీగలు ఒక్కటే చాలవు, దాచుకోవాలి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో పంప్డ్ స్టోరేజీ పని అదే: పగటి మిగులుతో నీళ్లు పైకి తోడి, చీకటి పడ్డాక కిందికి వదిలి టర్బైన్లు తిప్పడం.

మా చేతిలో ఉన్నది మేం చేస్తున్నాం. ఇకపై గానుగ ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకే తిరుగుతుంది. దానివల్ల పండుగల ముందు నూనె ఆలస్యమవుతుంది. సంక్రాంతికి కావాల్సిన వారు కనీసం పది రోజుల ముందు చెప్పండి. ముసురు పట్టిన రోజుల్లో పగలు కూడా గ్రిడ్ కరెంటు వాడక తప్పదు, అది కూడా దాచడం లేదు. కొత్త లేబుల్ మీద ‘పగటిపూట ఆడించినది, ఎక్కువ భాగం మా మిద్దె మీది సోలార్‌తో’ అని ఉంటుంది. ధర మారదు.

పాత లేబుల్ చూసి, ఆ మాట కోసమే కొన్నవారు ఉంటే, సీసా తెరిచినా సరే తెచ్చివ్వండి. పూర్తి డబ్బు తిరిగి ఇస్తాను. టీచరమ్మ ఇంటికి నిన్న నేనే వెళ్లి ఈ సంగతి చెప్పి వచ్చాను.