పికప్ తొట్టికి మూత వేస్తే డీజిల్ మిగులుతుందా? మా అంగడి లెక్క ఇదీ

మన అంగడికి వచ్చే అన్నలకు, తమ్ముళ్లకు, ఫోన్లో రేట్లు అడుగుతున్న వాళ్లందరికీ నమస్కారం.

ఇన్నాళ్లూ మన దగ్గర పట్టలు, హుడ్లు, సీటు కవర్లు మాత్రమే కుట్టేవాళ్లం. దసరా నుంచి పికప్ తొట్లకు మూతలు కూడా బిగిస్తున్నాం. చుట్టుకునే రెక్సిన్ మూత ఒకటి, మడతలు పడే అల్యూమినియం మూత ఒకటి, వెనక నుంచి పైకి లేపే గట్టి ఫైబర్ మూత ఒకటి. ఇవి వీ-క్రాస్, హైలక్స్ లాంటి, రెండు వరసల సీట్లుండే డబుల్ క్యాబిన్ బండ్లకు. బొలెరో పికప్, యోధ, దోస్త్ వాళ్లకు కొలత తీసుకుని పీవీసీ పట్టతోనే బిగుతుగా కుట్టి ఇస్తాం.

ఈ మూతలు పంపే హోల్‌సేల్ వాళ్లు ప్రతి పెట్టె మీదా "మైలేజీ పది శాతం పెరుగుతుంది" అని స్టిక్కర్ అంటించి పంపుతున్నారు. ఆ స్టిక్కర్ పీకేసి అమ్ముతున్నాం. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నా. బాడుగ బండి ఉన్నోళ్లకు డీజిల్ లెక్కంటే ఇంటి లెక్క. ఇక్కడ అనంతపురంలో లీటరు వందకు దగ్గర్లో ఉంది, కొడికొండ చెక్‌పోస్టు దాటి కర్ణాటకలో కొట్టిస్తే కొన్ని రూపాయలు తక్కువ పడుతుందని ట్యాంకు అడుగంటేదాకా లాగేవాళ్లను రోజూ చూస్తున్నా. అట్లాంటి మనిషికి లేని పది శాతం చూపించి మూత అమ్మడం నావల్ల కాదు.

ముందు గాలి సంగతి. బండి 80లో పోతుంటే గాలి బానెట్ మీదుగా, అద్దం మీదుగా ఎక్కి, క్యాబిన్ టాప్ చివర బండిని వదిలేస్తుంది. అక్కడి నుంచి నేరుగా తొట్టిలోకి దిగి వెనక డోరును గుద్దుతుందని చాలామంది అనుకుంటారు. అట్ల జరగదు. తొట్టి లోపల గాలి సుడి తిరుగుతూ అక్కడే ఉండిపోతుంది. పైనుంచి వచ్చే గాలిలో ఎక్కువ భాగం ఆ సుడి మీదుగా జారి, వెనక డోరు అంచు దాటి వెళ్లిపోతుంది. శనక్కాయ మూటలు దించిన ఖాళీ బండిలో దీన్ని కంటితో చూడొచ్చు. తొట్టి అడుగున మిగిలిన పొట్టు వెనక్కి కొట్టుకుపోదు. ముందుకు, క్యాబిన్ వైపుకు పరుగెత్తి, ఆ గోడ దగ్గర పైకి లేచి మళ్లీ వెనక్కి తిరుగుతుంది.

అంటే మనం మూత వేయకముందే ఆ సుడి సగం మూత పని చేస్తోంది. మనం వేసే మూతకు మిగిలే పని కొంచెమే.

వెనక డోరు దించుకుని పోతే గాలి దూరిపోయి మైలేజీ వస్తుందని నమ్మేవాళ్లు మన గుత్తి రోడ్డులోనే చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. డోరు దించితే సుడి చెదిరిపోతుంది. కెనడా జాతీయ పరిశోధన మండలిలో పనిచేసిన కెవిన్ కూపర్ అనే ఇంజనీరు పికప్‌ల మీద గాలి సొరంగం పరీక్షలు చేసి 2004లో చెప్పింది కూడా ఇదే, డోరు మూసే ఉంచమని. పైగా దించిన డోరు గతుకుల్లో ఊగి గొలుసులు, కీళ్లు పాడవుతాయి.

ఇప్పుడు మూతతో ఎంత మిగులుతుందో చూద్దాం. డబుల్ క్యాబిన్ బండికి చదునైన మూత వేస్తే గాలి నిరోధం ఐదు శాతం తగ్గిందంటే అది బాగా తగ్గినట్టు. నిరోధం ఐదు శాతం తగ్గితే డీజిలు కూడా ఐదు శాతం తగ్గదు. ఇంజన్ బలంలో కొంత టైర్ల రాపిడికి పోతుంది, కొంత గేర్లకు, కొంత మిట్ట ఎక్కడానికి. హైవే మీద ఆపకుండా పోతే గాలిలో తగ్గినదాంట్లో సగం డీజిల్లో కనబడుతుంది. రెండు, రెండున్నర శాతం అనుకోండి. ఊళ్లో తిరిగే బండికి అదీ రాదు.

రూపాయల్లోకి మారుద్దాం. మీ బండి హైవే మీద లీటరుకు 12 ఇస్తుందనుకుందాం, నెలకు 1500 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. నెలకు 125 లీటర్లు. అందులో రెండు శాతం రెండున్నర లీటర్లు. సుమారు 240 రూపాయలు. మన దగ్గర చుట్టుకునే మూత బిగింపుతో కలిపి 18,000. డీజిల్ మిగులుతోనే అది తిరిగి రావాలంటే ఆరేళ్లు దాటుతుంది. 45,000 పెట్టి ఫైబర్ మూత వేసుకుంటే పదిహేనేళ్లు. అంతలోపు బండే మారిపోతుంది. ఫైబర్ మూతకు బరువు కూడా ఉంది. బండి మీద 45 కిలోలు పెరిగితే మైలేజీ ఒక శాతం దాకా తగ్గొచ్చని అమెరికా ఇంధన శాఖ లెక్క. హైవే మీద మూత ఇచ్చినదాంట్లో కొంత ఊళ్లో మూత బరువే తినేస్తుంది.

ఇదంతా మూత కింద సరుకు ఇమిడే బండ్ల మాట. చీనీకాయలు (బత్తాయిలు), టమోటా క్రేట్లు క్యాబిన్ కంటే ఎత్తుగా వేసే బొలెరో వాళ్లకు ఈ మూతలతో పనే లేదు. నేను అమ్మను కూడా. మీ డీజిల్ పోతున్నది వేరే చోట. అది పట్టలో.

పోయిన వారం ఒక తమ్ముడు బెంగళూరు చీనీ లోడ్లు తోలే బండి పట్ట తెచ్చినాడు. కుట్టి ఏడాది కాలేదు. పక్కలు బాగానే ఉన్నాయి. క్యాబిన్ వైపు అంచు మాత్రం దారాలు దారాలుగా విడిపోయి ఉంది. తాడు దూర్చే ఐలెట్లు రెండు గుడ్డతో సహా ఊడిపోయినాయి, మూడోది చీలి వేలాడుతోంది. తాడు ముందు వైపు వదులుగా కట్టడంతో గాలి పట్ట కిందకు దూరి, దారంతా టపటపా కొట్టింది. పీవీసీ గుడ్డను ఆ మాదిరి చింపాలంటే ఎంత బలం కావాల? ఆ బలం ఎక్కడిదో కాదు, ఆ తమ్ముడి ట్యాంకులోదే. ఉబ్బిన పట్ట బండి వెడల్పును, ఎత్తును పెంచుతుంది. మూత వేసి రెండు శాతం మిగిల్చుకోవడం కంటే ఉబ్బిన పట్టను బిగించడం ముందు పని. అంచు చింపులు కూడా ఆగుతాయి.

అందుకే ఇకమీదట ఎత్తు లోడ్లకు కుట్టే పట్టలన్నిటికీ ముందు అంచును రెండు మడతలు వేసి, లోపల బెల్టు పెట్టి, ఐలెట్లు దగ్గర దగ్గరగా కొడుతున్నాం. ముందు నుంచి కిందికి లాగి కట్టడానికి ఒక అడ్డ బెల్టు ఇస్తున్నాం. దీనికి పట్టకు 350 రూపాయలు ఎక్కువ పడుతోంది. ఇప్పటికే మన దగ్గర కుట్టించుకున్నోళ్లు పట్ట తెస్తే బెల్టు ఖర్చు మాత్రమే తీసుకుని కుట్టి ఇస్తాం. లోడు వేసేటప్పుడు ముందు వరస క్రేట్లను క్యాబిన్‌కు ఆనించి పెట్టండి. మధ్యలో సందు వదిలితే గాలి అక్కడ దిగి పట్టను లేపుతుంది.

టమోటా వాళ్లకు ఇంకో మాట. కక్కలపల్లి మార్కెట్‌కు తోలే లోడు మీద పీవీసీ కప్పి బిగించొద్దు. టమోటాకు గాలి ఆడాల. ఎండకు పచ్చ వల వేసి, వాన పడితేనే పట్ట కప్పండి. డీజిల్ అర లీటరు మిగిలి కాయ మెత్తబడితే ఏం లాభం.

వేగం సంగతి కూడా చెప్పాల. గాలి నిరోధం వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 60లో పోయే బండిని 80కి తీసుకుపోతే గాలి ఒక్కటే ఒకటి ముప్పావు రెట్లు అడ్డుకుంటుంది. 80 నుంచి 100కు పోతే అక్కడి నుంచి మళ్లీ ఒకటిన్నర రెట్లు. పెనుకొండ దాటినాక రోడ్డు బాగుందని 95లో తోలేవాళ్లు 80కి దిగితే మిగిలేదాని ముందు మూత మిగులు ఏ మూలకూ రాదు. దానికి నాకు ఇవ్వాల్సింది ఏమీ లేదు. టైర్లలో గాలి కూడా అంతే. టైరు గాలి ఒత్తిడి ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం పోతుందని ఇందాక చెప్పిన అమెరికా శాఖ లెక్క. నాలుగు టైర్లలో పదేసి తగ్గితే రెండు శాతం. సరిగ్గా మూత ఇచ్చేంత! పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించుకోండి.

"అన్నా, మూత వేయించుకున్నాక లీటరుకు రెండు కిలోమీటర్లు పెరిగింది, నువ్వేమో లేదంటావు" అని ఒకాయన అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, బంకు బిల్లులు చూపించినాడు. మూత లేనప్పటి బిల్లు ఆషాఢంలో బళ్లారి వైపు పోయినప్పటిది. మూత వేసినాక బిల్లు కార్తీకంలోది. మన వైపు ఆషాఢం గాలి ఎట్లుంటుందో రామగిరి కొండల మీద, ఉరవకొండ, వజ్రకరూరు దిక్కున తిరిగే గాలిమరలు చూస్తే తెలుస్తుంది. నైరుతి గాలి ఎదురుగా 25లో వీస్తుంటే 80లో పోయే బండికి 105లో పోతున్నట్టే. నిరోధం 1.7 రెట్లు. ఆ తేడా మూతది కాదు, నెలది.

మీరే చూసుకోవాలనుకుంటే ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ఫుల్ కొట్టించండి. గాలి లేని తెల్లవారుజామున, ఒకే లోడుతో, ఒకే దారిలో పోయి రండి. మూత తీసి ఒకసారి, వేసి ఒకసారి, ఒక్క ట్యాంకుతో ఆపకుండా పలుమార్లు చూడండి. 30 లీటర్లలో రెండు శాతమంటే 600 మిల్లీలీటర్లు. ట్యాంకు నిండగానే పంపును ఆపే ఆటోకట్ ఒకసారి ముందు, ఒకసారి వెనక ఆగితేనే అంత తేడా వస్తుంది.

ఇంత చెప్పి మూతలు ఎందుకు అమ్ముతున్నావంటే, అవి వేరే వాటికి బాగా పనికొస్తాయి. తాడిపత్రిలో గ్రానైట్ పని చూసుకునే ఒక అన్న తొట్టిలో కటింగ్ బ్లేడ్లు, పనిముట్లు వేసుకుని తిరుగుతాడు. ఆయనకు దుమ్ము, దొంగల బాధ పోయింది. ఎరువుల మూటలు, విత్తనాలు, మోటార్లు తోలుకునే రైతులకు అకాల వానకు తడవకుండా ఉంటాయి. తాళం పడే మూత ఉంటే రాత్రి ధర్మవరంలో బండి పెట్టి నిద్రపోవచ్చు. ఆ పని కోసం కొనండి. చుట్టుకునే రెక్సిన్ మూత నీళ్లను పూర్తిగా ఆపదు, గట్టి వానలో మూలల్లో కొంచెం దిగుతుంది. తడవకూడని సరుకు ఉన్నోళ్లు అల్యూమినియం గానీ ఫైబర్ గానీ తీసుకోండి. మన ఎండకు రెక్సిన్ నాలుగైదేళ్లకు బిరుసెక్కుతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

స్టిక్కర్ చూసి మైలేజీ కోసమే అడ్వాన్సు కట్టినోళ్లు ఉంటే, ఇది చదివినాక వద్దనిపిస్తే అంగడికి రండి. బిగించని మూతకు కట్టిన డబ్బు మొత్తం వాపసు ఇస్తాం, అందులో పైసా పట్టుకోం. బిగించుకున్నోళ్లు కూడా ఒకసారి వస్తే పక్క క్లాంపులు, రబ్బరు వరస చూసి సరిచేసి పంపుతాం, దానికి డబ్బు లేదు. చీనీ లోడ్లు మొదలైతే పట్టల పనికి తీరిక దొరకదు. ముందు అంచు బెల్టు కావాల్సినోళ్లు ఈ రెండు వారాల్లోనే పట్టలు తెచ్చి ఇవ్వండి. పొద్దున ఇస్తే సాయంత్రానికి కుట్టి ఇస్తాం.